నా బ్రాండ్ పేరు మీద ఇంకెవరో ట్రేడ్‌మార్క్ వేశారు, నా పేజీలు తీసేశారు. ఇప్పుడేం చేయాలి?

కుట్టుమిషను
ఆరేళ్లుగా పిల్లల స్కూలు బ్యాగులు కుట్టి అమ్ముతున్నాను. మొదట్లో ఇంట్లో ఒక్క మిషను, నేనొక్కదాన్నే. ఇప్పుడు నాతో కలిపి ఏడుగురం. బ్రాండ్ పేరు మా పాప ముద్దుపేరు, దాని పక్కన 'బ్యాగ్స్' అని ఉంటుంది.

మొన్న పొద్దున లేవగానే ఫోన్ చూస్తే, మేం సరుకు పెట్టే ఆన్‌లైన్ సైటు నుంచి మెయిల్ ఉంది. మా మీద ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు వచ్చిందట, అందుకని 43 పేజీలు తీసేశారట. ఫిర్యాదు చేసినవాళ్లెవరా అని వెతికాను. అదే పేరుతో బ్యాగులు అమ్ముతున్నారు, మొదలుపెట్టి ఏడాదిన్నరే అయింది. మా లోగోలో చివరి అక్షరం కింద కుట్టు వేసినట్టు చిన్న చుక్కల గీత ఉంటుంది. ఆ గీత కూడా దించేశారు.

గోదాములో రెండు వేల బ్యాగులున్నాయి. ప్రతి బ్యాగుకీ జిప్పు పక్కన ఆ పేరు నేసిన లేబుల్ ఉంది. విప్పి మళ్లీ కుట్టాలంటే బ్యాగు గుడ్డ మీద సూది రంధ్రాలు కనిపిస్తాయి, అమ్మడానికి పనికిరావు. స్కూళ్లు తెరవడానికి రెండు నెలలు కూడా లేదు.

కంపెనీ పేరు నా పేరున రిజిస్టర్ అయి ఉంది. వెబ్‌సైటు పేరు కూడా నాదే. అవి చాలవా? రెండు రోజులుగా నిద్ర లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

గోడగడియారం
ఆరేళ్లు వ్యాపారం చేసి ట్రేడ్‌మార్క్ చేయించకపోవడం ఏంటండీ? మొదటి ఏడాదే చేయించాల్సిన పని.

వాననీళ్లు
గోడగడియారం గారూ, ఇల్లు అంటుకున్నాక బావి ఎందుకు తవ్వలేదని అడిగితే ఆవిడ ఏం చెబుతుంది? ముందు మంట ఆర్పే దారి చెప్పండి.

రబ్బరుస్టాంపు
నేను ట్రేడ్‌మార్క్ ఏజెంటు దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ముందు మీ చివరి ప్రశ్న తీసుకుంటాను, రోజుకి ఇద్దరైనా అడిగేది అదే.

కంపెనీ పేరు రిజిస్టర్ కావడం అంటే ఆ పేరుతో ఒక సంస్థ ఉందని ప్రభుత్వం రాసుకోవడం, అంతే. ఆ పేరు సరుకు మీద వేసి అమ్మే హక్కు మీ ఒక్కరిదే అని దానికి అర్థం లేదు. వెబ్‌సైటు పేరు కూడా అలాంటిదే, ఖాళీగా ఉంది కాబట్టి మీకు ఇచ్చారు. ట్రేడ్‌మార్క్ వేరు. ఫలానా సరుకు మీద ఈ పేరు కనిపిస్తే అది ఫలానావాళ్ల దగ్గర నుంచి వచ్చిందని కొనేవాళ్లు నమ్ముతారు కదా, ఆ నమ్మకానికి చట్టం వేసే కంచె అది. మూడింటికీ మూడు ఆఫీసులు, మూడు రిజిస్టర్లు. ఒకదాంట్లో పేరుంటే రెండోదాంట్లో ఉన్నట్టు కాదు.

అలాగని ఆ రెండు కాగితాలూ పారేయకండి. ఆ పేరు మీరు ఎప్పటి నుంచి వాడుతున్నారో చూపించడానికి అవి సాక్ష్యం.

ఇప్పుడు మీరొక్క పని చేయండి. ఆ మెయిల్ మళ్లీ తెరిచి, ఫిర్యాదులో ఇచ్చిన నంబరు రిజిస్ట్రేషన్ నంబరా, అప్లికేషన్ నంబరా చూడండి. మిగతా కథంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కుట్టుమిషను
చూశాను. 'దరఖాస్తు సంఖ్య' అని ఉంది. నంబరు చూసి రిజిస్టర్ అయిపోయిందనే అనుకున్నాను. ఆ నంబరు ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైటులో కొట్టి చూస్తే 'జర్నల్‌లో ప్రచురించబడింది' అని వచ్చింది. తేదీ చూస్తే 22 రోజుల కిందటిది. ఇది మంచిదా చెడ్డదా?

రబ్బరుస్టాంపు
అమ్మయ్య. చాలా మంచిదక్కా.

అంటే వాళ్లకి ఇంకా హక్కు రాలేదు. ఆఫీసు పరీక్షించి, తన వైపు నుంచి అడ్డు లేదనుకున్నాక జర్నల్‌లో వేస్తుంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికే అలా వేసేది. ఆ సమయంలో మీరు వేసేదాన్ని అపోజిషన్ అంటారు. దానికి గడువు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో 30 రోజులు, యూరోపియన్ యూనియన్‌లో 3 నెలలు, భారత్‌లో 4 నెలలు. మీరున్న చోట ఎంతో ఇవాళే చూడండి, రేపటి దాకా ఆగొద్దు. గడువు దాటితే రిజిస్టర్ అయిపోతుంది. అప్పుడు రద్దు చేయించడానికి వేరే కేసు వేయాలి. అది కూడా కుదురుతుంది కానీ ఖర్చు, కాలం రెండూ ఎక్కువ.

ఇంకో మాట. అబ్జెక్షన్, అపోజిషన్ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. అబ్జెక్షన్ ఆఫీసు పెట్టేది, అపోజిషన్ బయటివాళ్లు పెట్టేది. లాయర్‌తో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

పాతబిల్లు
నాకూ ఇలాగే జరిగింది, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను.

మాది గృహోపకరణాల వ్యాపారం. తొమ్మిదేళ్లు వాడిన పేరు మీద ఎవరో అప్లై చేశారు. లాయర్ మొదటి మాటగా 'మీ మొట్టమొదటి బిల్లు చూపించండి' అన్నారు. మా దగ్గర బిల్లు పుస్తకాలు ఉన్నాయి కానీ మొదటి రెండేళ్లవి అటక మీద వాన నీటికి తడిసి అట్టలా అంటుకుపోయాయి. నేనూ మా నాన్నా ఒక రాత్రంతా కూర్చుని చాకు మొనతో ఒక్కో పేజీ విడదీశాం. అందులో ఒక బిల్లు మీద బ్రాండ్ పేరు, తేదీ, కొన్నవాళ్ల సంతకం చెక్కుచెదరకుండా ఉన్నాయి. చివరికి కేసు ఆ ఒక్క కాగితం మీదే నిలబడింది.

కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. మొదటి బిల్లులు, లేబుల్ నేయించిన ఆర్డరు కాగితం, దానికి డబ్బు కట్టిన బ్యాంకు ఎంట్రీ, పాత ఫొటోలు, సోషల్ మీడియాలో మొదటి పోస్టు, కొన్నవాళ్ల మెసేజీలు, ప్రకటన వేస్తే దాని బిల్లు, అన్నీ తీసి పెట్టండి. ఏడాది వారీగా పెడితే మధ్యలో వదిలేయలేదు, వరసగా వాడుతూనే ఉన్నారు అని తెలుస్తుంది. వాళ్ల పేజీల స్క్రీన్‌షాట్లు కూడా తేదీ కనిపించేలా ఈ రాత్రికే తీసుకోండి. విషయం తెలియగానే మార్చేస్తారు.

కుట్టుమిషను
లేబుల్ నేయించిన మొదటి ఆర్డరు ఉంది! రసీదు వెనకాల నేనే పెన్నుతో పేరు స్పెల్లింగు రాసిచ్చాను, తప్పు నేస్తారేమో అన్న భయంతో. తేదీ కూడా ఉంది.

పాతబిల్లు
దాన్ని లామినేషన్ చేయించకండి. ఉన్నది ఉన్నట్టుగా ప్లాస్టిక్ కవరులో పెట్టి, స్కాన్ చేసుకోండి.

గోడగడియారం
మీరందరూ ఆశ పెడుతున్నారు కానీ నాకు భయంగానే ఉంది. చాలా దేశాల్లో ముందు ఎవరు అప్లై చేస్తే వాళ్లదే పేరు. ఆపిల్ లాంటి కంపెనీకే చైనాలో ఐప్యాడ్ పేరు దగ్గర దెబ్బ తగిలింది. ప్రోవ్యూ అనే కంపెనీ దగ్గర అక్కడి రిజిస్ట్రేషన్ ఉండటంతో 2012లో 6 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. అంతటివాళ్లకే తప్పలేదు.

ఆరోపేజీ
ఉదాహరణ నిజమే కానీ అన్ని చోట్లా ఒకే సూత్రం కాదు. చైనా, జపాన్ లాంటి చోట్ల ముందు ఫైల్ చేసినవాళ్లకే ప్రధానంగా బలం. అమెరికాలో హక్కు వాడకం నుంచి పుడుతుంది, బ్రిటన్‌లో, భారత్‌లో ముందు నుంచి వాడుతున్నవాళ్లకి రిజిస్ట్రేషన్ లేకపోయినా 'పాసింగ్ ఆఫ్' అనే దావా ఉంది. తన సరుకును నా సరుకని నమ్మించి అమ్ముకుంటున్నాడు అని వేసే కేసు అది. కాకపోతే అందులో మూడు సంగతులు మీరే రుజువు చేయాలి. ఆ పేరుకి జనంలో మంచి గుర్తింపు ఉందని, అవతలివాళ్లు జనాన్ని పొరబడేలా చేశారని, దానివల్ల మీకు నష్టం జరిగిందని. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి ఈ బరువు చాలా తగ్గుతుంది, సర్టిఫికెట్ చూపిస్తే హక్కు ఉందనే మొదలుపెడతారు.

ముందు ఫైల్ చేసినవాళ్లకే అనే దేశాల్లో కూడా, పక్కవాళ్లదని తెలిసీ దురుద్దేశంతో వేశారని చూపిస్తే కొట్టేసే వీలుంటుంది. ఇక్కడ కుట్టు గీత కూడా ఒకేలా ఉందంటున్నారు చూడండి, ఒక పేరు ఇద్దరికి తోచొచ్చు, ఆ గీత కూడా ఇద్దరికి ఒకేసారి తోచిందంటే ఎవరు నమ్ముతారు?

గోడగడియారం
ఆ గీత సంగతి నేను సరిగా గమనించలేదు. అది గట్టి పాయింటే.

నల్లసిరా
నేను లోగోలు గీస్తాను కాబట్టి ఆ గీత గురించి చెబుతాను. గీసిన బొమ్మకి కాపీరైట్ గీసిన క్షణం నుంచే ఉంటుంది, చాలా దేశాల్లో దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 1886 నాటి బెర్న్ ఒప్పందం చెప్పేది అదే. కాబట్టి ట్రేడ్‌మార్క్ గొడవతో పాటు లోగో కాపీ అనే రెండో దారి కూడా మీకుంది. ఇంతకీ ఆ లోగో గీసింది ఎవరు?

కుట్టుమిషను
మా మరిది గీశాడు. డబ్బేమీ తీసుకోలేదు. నోటుపుస్తకంలో పదిహేనుసార్లు గీసి చూపించాడు, ఆ పుస్తకం ఇప్పటికీ ఇంట్లోనే ఉంది.

నల్లసిరా
అయితే లోగో మీద కాపీరైట్ మీ మరిదిది, మీది కాదు. చెడ్డగా అనుకోకండి, ఇంట్లో మనిషే అయినా 'ఈ బొమ్మ మీద హక్కులన్నీ మా వదినకి ఇస్తున్నాను' అని సంతకం పెట్టిన కాగితం రాయించుకోండి. డబ్బు కట్టి గీయించుకుంటే హక్కు దానంతటదే మనకి వస్తుందని అందరూ అనుకుంటారు. బయటి డిజైనరుతో గీయించినప్పుడు చాలా చోట్ల అలా రాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఆ కాగితం నేనే ముందుగా ఇస్తాను, అడిగేదాకా ఆగను. పదిహేను స్కెచ్‌లున్న ఆ పుస్తకం మాత్రం బంగారం.

తూనీగ
క్లాసుల మాట ఎవరూ ఎత్తలేదే. ట్రేడ్‌మార్క్ కోసం సరుకుల్ని, సేవల్ని విడగొట్టిన వర్గాలవి, ఏ వర్గంలో కావాలో చెప్పి వేయాలి. నా అనుభవం చెబుతా.

మాది పిల్లలకి లెక్కలు నేర్పే యాప్. మూడేళ్ల కిందట క్లాస్ 9లో వేశాం, ఫోన్‌లోకి దించుకునే సాఫ్ట్‌వేర్ అక్కడికి వస్తుంది. అక్కడితో పని అయిపోయిందనుకున్నాం. తర్వాత అదే పేరుతో ఒకాయన ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టి క్లాస్ 41లో వేసేశాడు, విద్య అంతా 41లోకి వస్తుంది. మా అభ్యంతరం చివరికి నిలబడింది కానీ రెండు క్లాసుల సరుకూ ఒకదానికొకటి దగ్గరిదే అని నిరూపించడానికి ఏడాది పైన పట్టింది. మొదటే రెండింట్లో వేసుకుంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

వాననీళ్లు
మొత్తం ఎన్ని క్లాసులుంటాయి? అన్నింట్లో వేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

రబ్బరుస్టాంపు
45. మొదటి 34 సరుకులకి, 35 నుంచి 45 దాకా సేవలకి. 1957లో నీస్ నగరంలో కుదిరిన ఒప్పందం నుంచి వచ్చిన వర్గీకరణ, దాదాపు ప్రపంచమంతా ఇదే వాడతారు.

అన్నింట్లో వేయొద్దు. ఒక్కో క్లాసుకీ మామూలుగా విడిగా ఫీజు ఉంటుంది, అది ఒక కారణం. అసలు కారణం వేరు. వాడకుండా ఉంచుకున్న మార్కుని ఎవరైనా రద్దు చేయించొచ్చు. కొన్ని దేశాల్లో మూడేళ్లు, కొన్నింటిలో ఐదేళ్లు వాడకపోతే చాలు. నిజంగా అమ్ముతున్నవి, దగ్గర్లో తప్పకుండా అమ్మబోయేవి, అంతే.

కుట్టుమిషను అక్కా, మీ స్కూలు బ్యాగులు క్లాస్ 18. ఇంకేమేం అమ్ముతారు?

కుట్టుమిషను
పెన్సిల్ పౌచులు, కిందటేడు నుంచి నీళ్ల సీసాలు. అవి కూడా బ్యాగులతోనే పోతాయి కాబట్టి ఒకటే అనుకున్నా.

రబ్బరుస్టాంపు
పెన్సిల్ పౌచులు 16, నీళ్ల సీసాలు 21. ఒకే సంచీలో సర్దినా మూడు క్లాసులు. ఎప్పుడైనా పిల్లల బట్టలు కుడితే అవి 25. డబ్బు ఇబ్బందిగా ఉంటే 18 ముందు వేయండి, దానికే ఇప్పుడు తొందర. అవతలివాళ్ల అప్లికేషన్ ఏ క్లాసుల్లో ఉందో కూడా చూడండి.

కుట్టుమిషను
వాళ్లది 18 ఒక్కటే.

సబ్బుబిళ్ళ
ఇంకా పేరు పెట్టుకోనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా కథ వినండి.

నేను ఇంట్లో సబ్బులు చేస్తాను. పేరు పెట్టేటప్పుడు అందరూ ఒకటే మాట చెప్పారు, సరుకేంటో పేరులోనే తెలియాలి అని. సరే అని 'స్వచ్ఛమైన మూలికల సబ్బు' అనే అర్థం వచ్చేలా పెట్టాను. వినడానికి బాగుంది, అమ్మకాలూ బాగానే సాగాయి. ట్రేడ్‌మార్క్‌కి వేస్తే ఆఫీసు అబ్జెక్షన్ పెట్టింది. సబ్బు గురించి చెప్పే మాటలు ఏ సబ్బుల వ్యాపారికైనా కావాలి, వాటిని ఒక్కరికే రాసివ్వలేం అన్నారు. మొదట కోపం వచ్చింది. హియరింగుకి వెళ్లి వచ్చాక అర్థమైంది, రేపు ఇంకొకరికి 'స్వచ్ఛమైన' అన్న మాట రాసిచ్చేస్తే నేను నా సబ్బు గురించి ఏమని చెప్పుకోవాలి?

ఏళ్ల తరబడి వాడి, జనం ఆ మాట వింటే మా సబ్బే గుర్తొస్తుందని రుజువు చేస్తే ఇస్తారట. నాకు అప్పటికి రెండేళ్లే. పేరు మార్చుకున్నాను. పాత పెట్టెలు ఎనిమిది వందలు మిగిలితే, పాత పేరు మీద కొత్త పేరు స్టిక్కరు నేనూ మా అత్తయ్యా కూర్చుని అంటించాం. వంకరగా అంటుకున్నవాటిని ఆవిడ గోటితో నెమ్మదిగా లేపి మళ్లీ సరిచేసేది. ఆ ఓపికకి ఇప్పటికీ దండం పెడతాను.

కొత్త పేరు సబ్బుకి ఏ సంబంధం లేని మాట. మొదటిసారే దాటిపోయింది.

ఆరోపేజీ
సబ్బుబిళ్ళ గారు చెప్పినదాన్ని లాయర్లు మెట్లుగా చూస్తారు. అన్నిటికన్నా కింది మెట్టు సరుకు పేరే పెట్టుకోవడం, సబ్బుకి 'సబ్బు' అని. దానికి రక్షణ ఎప్పటికీ రాదు. దాని పైన సరుకు గుణం చెప్పే పేరు, మీకు జరిగింది అదే. ఆ పైన గుణాన్ని నేరుగా చెప్పకుండా సూచించేవి. ఆ పైన ఉన్న మాటే కానీ సరుకుతో సంబంధం లేనిది, కంప్యూటర్లకి ఆపిల్ లాగా. అన్నిటికన్నా పై మెట్టు ఏ భాషలోనూ లేని, కల్పించిన మాట. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో తన కెమెరాకి కొడాక్ అని అలాగే పుట్టించాడు. దానికి అర్థం లేదు, ఉండకూడదనే పెట్టుకున్నాడు.

తమాషా ఏంటంటే పై మెట్టు మీద ఉన్న పేరు కూడా జారి కిందికి పడొచ్చు. ఎస్కలేటర్ అనేది ఓటిస్ కంపెనీ మార్కు. కదిలే మెట్లన్నింటినీ జనం ఎస్కలేటర్ అనే పిలవడం, కంపెనీ కూడా అలాగే వాడేయడంతో 1950లో అమెరికాలో పోయింది. ఆస్పిరిన్ 1921లో అక్కడ పోయింది, కానీ దాన్ని తయారుచేసే బేయర్ కంపెనీకి జర్మనీలో, కెనడాలో ఇంకా మార్కే.

చిన్నకారు
మా ఇంట్లో ఏ కంపెనీ మిషను మీద తీసినా జిరాక్సే అంటాం మరి! ఆ కంపెనీవాళ్లు వింటే కంగారు పడతారేమో.

ఆరోపేజీ
పడతారు. అలా వాడొద్దని వాళ్లు ప్రకటనలే వేశారు.

వాననీళ్లు
రెండు చిన్న సందేహాలు. పేరుకి వేయాలా, లోగోకి వేయాలా? పేరు పక్కన చిన్నగా టీఎమ్ అని, గుండ్రటి గీతలో ఆర్ అని పెడతారు కదా, ఎవరైనా పెట్టుకోవచ్చా?

రబ్బరుస్టాంపు
టీఎమ్ ఎవరైనా పెట్టుకోవచ్చు, 'దీన్ని నా మార్కుగా వాడుతున్నాను' అని చెప్పడం అంతే. గుండ్రటి గీతలోని ఆర్ మాత్రం రిజిస్టర్ అయ్యాకే. ముందే పెడితే చాలా దేశాల్లో నేరం. అప్లై చేసిన మర్నాడే కార్డుల మీద అచ్చు వేయించుకుని వస్తుంటారు, చూస్తే నాకు టెన్షన్.

ఒక్కటే వేయగలిగితే పేరుకే వేయండి, మామూలు అక్షరాల్లో. పేరుకి రక్షణ ఉంటే దాన్ని ఏ అక్షరాల తీరులో రాసినా మీదే, రేపు లోగో మార్చుకున్నా ఇబ్బంది లేదు. అయితే లోగో బలంగా ఉండి పేరు బలహీనంగా ఉంటే తలకిందులవుతుంది. కుట్టుమిషను అక్క విషయంలో ముద్దుపేరు బలమైనది, 'బ్యాగ్స్' అన్న మాటకి విడిగా విలువ లేదు. వీలైతే పేరుకి ఒకటి, కుట్టు గీతతో ఉన్న లోగోకి ఒకటి, రెండు వేయండి.

వెతికేటప్పుడు అచ్చం అదే పేరు కొట్టి ఏమీ రాలేదని ఆగిపోకూడదు. పలికితే ఒకేలా వినిపించేవి, స్పెల్లింగు మార్చినవి, వేరే భాషలో అదే అర్థం వచ్చేవి కూడా చూడాలి. పరీక్షించే అధికారి చెవితో కూడా చూస్తాడు. జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థకి గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్ అని ఉంది, ఉచితంగా వెతుక్కోవచ్చు, లోగో బొమ్మ ఇచ్చి కూడా.

గోడగడియారం
ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోవద్దు. కేసు గెలిచినా నెలలు పడుతుంది. ఈ సీజన్‌కి వేరే పేరుతో అమ్మేసుకుంటే? పెద్దవాళ్లు కూడా అలా చేశారు. ఆస్ట్రేలియాలో బర్గర్ కింగ్ పేరు అప్పటికే ఇంకొకరి మార్కుగా ఉండటంతో 1971లో అక్కడ హంగ్రీ జాక్స్ అని మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది.

కుట్టుమిషను
కోపం లేదండీ, మీరు నా మంచికే చెబుతున్నారు. కానీ హంగ్రీ జాక్స్ వాళ్లు వెళ్లేసరికి ఆ పేరు వేరేవాళ్లది. ఇది నాది. మా పాప రెండేళ్లప్పుడు తన పేరు తను సరిగా పలకలేక అన్న మాట అది. మొదటి బ్యాగు తన కోసమే కుట్టాను. ఇప్పుడు తనకి ఎనిమిదేళ్లు, నిన్న 'నా పేరు వాళ్లదెలా అవుతుందమ్మా' అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఒక సీజన్ నష్టపోయినా సరే, ఈ పేరు వదలను.

వాననీళ్లు
వదలొద్దు.

పాతబిల్లు
అప్లికేషన్ వేసేటప్పుడు ఎవరి పేరున వేస్తున్నారో చూసుకోండి, చాలామంది తొందరలో ఇక్కడే కాలు జారతారు. మా బంధువుల్లో ఇద్దరు కలిసి వ్యాపారం పెట్టి, ఫారం నింపడానికి వెళ్లినాయన తన సొంత పేరు రాసి వచ్చేశాడు. మోసం చేయాలని కాదు, ఫారంలో పేరు అడిగారు, రాశాడు. ఐదేళ్ల తర్వాత ఇద్దరూ విడిపోయినప్పుడు రెండో ఆయనకి బ్రాండ్ మీద ఏమీ మిగల్లేదు. ఇప్పుడు ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లడం లేదు.

మీ కంపెనీ పేరున వేస్తారా, మీ సొంత పేరున వేస్తారా అనేది ముందే తేల్చుకోండి. సొంత పేరున వేస్తే కంపెనీ వాడుకోవడానికి లైసెన్సు కాగితం రాసుకోండి.

చిన్నకారు
అప్లై చేశాక ఇంకో ప్రమాదం. వివరాలు జర్నల్‌లో వస్తాయి కదా, ప్రభుత్వ ఆఫీసులా కనిపించే పేర్లతో 'వెంటనే ఈ ఫీజు కట్టండి' అని బిల్లులు వస్తాయి. పైన ముద్ర, కింద గడువు తేదీ, అచ్చం అసలులాగే. మా అన్నయ్య ఒకదానికి కట్టేశాడు. ఏ కాగితం వచ్చినా ముందు మీ ఏజెంటుకి పంపండి.

తూనీగ
బయటి దేశాల సంగతి కూడా ఒక మాట. ట్రేడ్‌మార్క్ ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే. వేరే చోటికి అమ్మాలనుకుంటే మాడ్రిడ్ పద్ధతి ఉంది, ఒకే దరఖాస్తుతో దాదాపు 130 దేశాల్లో కావలసినవి ఎంచుకోవచ్చు. అయితే దానికి సొంత దేశంలో వేసిన మార్కే పునాది. మొదటి ఐదేళ్లలో ఆ పునాది కూలితే మిగతావీ దాంతో పాటే పోతాయి. ఇంకొకటి, 1883 పారిస్ ఒప్పందం ప్రకారం మొదటి దరఖాస్తు వేసిన ఆరు నెలల్లోపు ఇంకో సభ్యదేశంలో వేస్తే, అక్కడ కూడా మొదటి తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. మా యాప్ విషయంలో ఆ ఆరు నెలలు తెలియక పోగొట్టుకున్నాం.

కుట్టుమిషను
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. మీరందరూ అడుగుతున్నారు, ఆలస్యానికి క్షమించండి. కుట్టుపని, కాగితాలపని రెండూ ఒకేసారి పడ్డాయి.

గడువు ఇంకా ఉండగానే అపోజిషన్ వేశాం. లేబుల్ ఆర్డరు రసీదు, మొదటి ఏడాది 61 బిల్లులు, మరిది నోటుపుస్తకం, పాప మొదటి బ్యాగుతో దిగిన ఫొటో, అన్నీ పెట్టాం. మరిది కాగితం మీద సంతకం పెడుతూ 'ఇదేంటి వదినా' అని ఒకటే నవ్వు. పేరుకి 18, 16, 21 క్లాసుల్లో, లోగోకి 18లో మా అప్లికేషన్లు కూడా వేశాం.

అవే కాగితాలు ఆన్‌లైన్ సైటుకి పంపి, ఫిర్యాదు చేసినవాళ్లది ఇంకా రిజిస్టర్ కాలేదని, మేం అపోజిషన్ వేశామని రుజువుతో సహా రాశాం. పదకొండు రోజులకి 43 పేజీల్లో 38 తిరిగి వచ్చాయి. మిగతా ఐదూ నీళ్ల సీసాలవి, వాటి కోసం ఇంకా రాస్తూనే ఉన్నాం. బ్యాగులు సగం పైనే వెళ్లిపోయాయి.

నిన్న అవతలివాళ్లు ఫోన్ చేశారు. గొడవ వద్దు, మా అప్లికేషన్ వెనక్కి తీసుకుంటాం, మీరు అపోజిషన్ వెనక్కి తీసుకోండి, ఉన్న సరుకు అమ్ముకోవడానికి మూడు నెలలు ఇవ్వండి అన్నారు. మర్యాదగానే మాట్లాడారు. ఒప్పుకోవచ్చా?

వాననీళ్లు
చదువుతుంటే కళ్లు చెమర్చాయి. పాపకి జవాబు దొరికింది.

గోడగడియారం
నేను పేరు మార్చుకోమన్నాను. మీరు వినకపోవడమే మంచిదైంది. మూడు నెలలు మాత్రం ఎక్కువ, స్కూళ్ల సీజన్ అంతా అందులోనే అయిపోతుంది.

పాతబిల్లు
నేనైతే ఒక నెల ఇస్తాను, అది కూడా ఎన్ని బ్యాగులు మిగిలాయో లెక్క రాసిచ్చాకే. కుట్టు గీత మాత్రం ఇవాళ్టి నుంచే తీసేయాలి.

రబ్బరుస్టాంపు
రాజీ మంచిదే, కేసు లాగితే ఇద్దరికీ ఖర్చే. కానీ ఫోన్ మాట మీద ఏమీ చేయకండి. ఒప్పందం కాగితం మీదికి రావాలి. పేరు, లోగో, వాటికి దగ్గరగా ఉండేవి ఇకపై ఎక్కడా వేయబోమని, సైటులో ఇచ్చిన ఫిర్యాదు వాళ్లే వెనక్కి తీసుకుంటామని అందులో ఉండాలి. అలా చేస్తే మీ ఐదు పేజీలు కూడా తొందరగా వస్తాయి. ముందు వాళ్ల అప్లికేషన్ ఉపసంహరణ ఆఫీసులో ఫైల్ కావాలి, ఆ సంగతి ఆఫీసు సైటులో మీ కంటికి కనిపించాలి. అప్పటిదాకా మీ అపోజిషన్ కదిలించకండి. మీ సంతకం చివరిది కావాలి.

కుట్టుమిషను
అలాగే. లాయర్‌కి ఇప్పుడే మీ మాటలు పంపాను. ఒక నెల, లెక్క రాసిచ్చాక, గీత ఇవాళే తీసేయాలి. సైటులో ఉపసంహరణ కనిపించిన రోజు ఇక్కడ రాస్తాను.